కుర్చీకి అరవై ఫోటోలు

రాజమల్లయ్య దినాలు అయిపోయాయి. ఆయన టేకు కుర్చీని తెల్లవారితే ఎవరికో ఇచ్చేస్తారు. అందుకే ఆయన భార్య స్వరాజ్యం టీచరు సాయంత్రం ఆ ఖాళీ కుర్చీ చుట్టూ తిరిగి అరవై ఫోటోలు తీసింది. చెల్లెలి కూతురు సహస్ర చెప్పినట్టే కంప్యూటర్‌లోకి ఎక్కించింది. వాటన్నిటినీ కలిపి, ఎటు తిప్పినా కనబడే కుర్చీ బొమ్మను అదే కడుతుందట.

రాత్రి పదకొండుకు బొమ్మ తయారైంది. చెక్క మీది గీతలు కూడా వచ్చాయి. ఆమె మెల్లగా తిప్పి చూసింది.

బొమ్మలో కుర్చీ చేతుల మీద మనిషి చేతులు రెండున్నాయి. మణికట్టు దాకానే. ఎడమ చేతి వేలికి రాగి ఉంగరం.

ఫోటోలన్నీ మళ్లీ చూసింది. అన్నిట్లోనూ కుర్చీ ఖాళీయే.

సహస్రకు ఫోన్ చేసింది.

"ఫోటోలు తీసేటప్పుడు ఏమన్న కదిలితే బొమ్మల ఎట్ల వస్తదే?"

"రాదు పెద్దమ్మా, చెదిరిపోతది. కదలకుంట ఉన్నదే సాఫ్ వస్తది. పిల్లలకు జల్ది పండుకోమని చెప్తవ్, నువ్వేమో గిప్పటిదాంక మేల్కుంటవ్!"

ఆరేళ్లు వణుకుడు రోగంతో ఆయన చేయి ఆడుతుంటే ఆ ఉంగరం కుర్చీ చెక్కకు టకటకా కొట్టుకుంటూనే ఉండేది. చివరి రోజు దవాఖాన మంచం అంచుకూ కొట్టుకుంది. పోయాకైనా ఆ వణుకు ఆగిందా అన్నదే ఇన్నాళ్లూ ఆమెకు దిగులు.

కుర్చీ ఆమె వెనకాలే ఉంది. తిరిగి చూడలేదు. చెవి ఒగ్గి విన్నది. చప్పుడు లేదు.

"ఆగిందా?" అని మెల్లగా అడిగింది.

మనిషి సర్దుకుని కూర్చున్నట్టు చెక్క ఒక్కసారి కిర్రుమంది.

ఉంగరం మాత్రం మోగలేదు.