లింగం సలహాలు

"సన్నబియ్యం దించకన్నా. జొన్నలు దించు," అన్నాడు లింగం గుమ్మంలో నిలబడి.

సుబ్బరాయుడు కొత్తగా బిగించిన చెక్క అరలు తుడుస్తున్నాడు. తల తిప్పకుండానే, "చూద్దాంలే," అన్నాడు.

"చూసుడేంది? గీ గల్లీల అందరు కూలోళ్లే. రెండు పూటల రొట్టె తింటరు. సన్నబియ్యం పండుగ నాడు."

"సరే లింగం, సరే."

లింగం వెళ్ళేదాకా ఆగి, చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు సుబ్బరాయుడు.

"విన్నావా? మన కొట్లో ఏం పెట్టాలో వాడు చెబుతాడట! ఇన్నేళ్ళుగా ఈ గల్లీ మొత్తానికి ఒకటే కొట్టు, అది వాడిది. ఇప్పుడు ఇంకోటి లేస్తుంటే వాడికి నిద్రెలా పడుతుంది?"

"మంచికే చెప్పాడేమోనండీ," అంది భార్య వెంకటరత్నమ్మ గడపకు పసుపు రాస్తూ.

"కడుపు మండుతున్నవాడు మంచెలా చెబుతాడే?"

గుంటూరు వైపు నుంచి బాన్సువాడ వచ్చి, కాలువ కింద వరి పండించినన్నాళ్ళూ సుబ్బరాయుడికి ఎవరి సలహా అవసరం పడలేదు. నడుం దెబ్బతిన్నాక బురదలో దిగలేక పొలం అమ్మేశాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు అది. పొలం మీద వచ్చిందంతా ఇప్పుడీ గదిలో అరలై, బస్తాలై కూర్చుంది. ఈ కొట్టు నడవకపోతే భార్యను వెంటబెట్టుకుని బావమరిది పంచన చేరాలి. ఆ ఊహకే అతనికి అన్నం సహించడం లేదు. మనసులో అంత భయం పెట్టుకున్న మనిషికి ఎదురుగా ఒక శత్రువు కనబడితే కాస్త హాయిగా ఉంటుంది. అందుకు లింగం బాగా పనికొచ్చాడు.

లింగం మాత్రం రోజూ వస్తూనే ఉన్నాడు.

"నూనె సీసలల్ల పోస్తున్నవేందన్నా? డబ్బా పెట్టి గరిటెతో అమ్ము. కూలోళ్లు ఏ పూటకు ఆ పూటే కొంటరు."

ఆ రోజే సుబ్బరాయుడు మిగతా నూనె కూడా సీసాల్లోకి ఎత్తి మూతలు బిగించాడు.

"పొద్దుగాల తెరిస్తే ఫాయిదా లేదు. అందరు చెరుకు కొట్ట పోతరు. సందె కాడ తెరువు."

సుబ్బరాయుడు తిన్నగా పంతులుగారి దగ్గరికి వెళ్ళి పొద్దుటి ముహూర్తం పెట్టించుకొచ్చాడు. లింగం చెప్పినదానికి తలకిందులుగా చేస్తే చాలు, కొట్టు నడిచి తీరుతుందని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

"ఏ రోజు తెరుస్తున్నవన్నా?" అని అడిగాడు లింగం మరోనాడు.

"శుక్రవారం."

"ఖరారేనా? మార్చవు గదా?"

"నీకెందుకు?"

"ఊకెనే. ఇంకో మాట జెప్పాలె అన్నా..."

"ఇంకో మాట ఇంకోనాడు. నాకు చేతినిండా పనుంది."

లింగం అరల వంక ఓసారి కలయజూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా, రోజు ఖరారు చేసుకుంటున్నాడు," అన్నాడు సుబ్బరాయుడు భార్యతో. "ఏదో పన్నుతున్నాడు."

గురువారం సాయంత్రం వెంకటరత్నమ్మ బావి నుంచి బిందెతో వస్తూనే చెప్పింది.

"లింగం ఇంటింటికీ తిరుగుతున్నాడండీ. అందరికీ ఏదో చెబుతున్నాడు. మన ఎదురింటి చిన్నవ్వయితే కళ్ళు తుడుచుకుంటోంది."

"బెదిరించి ఉంటాడు! మన కొట్టు తొక్కితే ఊరుకోనని ఉంటాడు."

"వెళ్ళి అడక్కూడదూ?"

"వాడినా? వాడి గుమ్మం తొక్కావంటే నేను ఊరుకోను."

శుక్రవారం ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టారు. పంతులుగారు దక్షిణ పుచ్చుకుని వెళ్ళిపోయారు. తర్వాత గల్లీలో పిట్ట మనిషి లేడు. సుబ్బరాయుడు తక్కెడ తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చి, సన్నబియ్యం బస్తాల మీద పడి, తిరిగి బయటికి వెళ్ళిపోయింది.

"మలుపు దాటి లింగం కొట్టు దగ్గర జనం ఉన్నారేమో చూసి రానా?" అంది వెంకటరత్నమ్మ.

"చూసేదేముంది? అందరూ అక్కడే ఉంటారు."

బోణీ కాని కొట్లో కూర్చోవడం ఎంత అవమానమో అంతవరకూ అతనికి తెలియదు. బావమరిది ఇంటి వసారా కళ్ళముందు కనబడింది.

దీపాలు పెట్టే వేళకు గల్లీలో అడుగుల చప్పుడు వినబడింది. చెరుకు తోటల నుంచి కూలీలు తిరిగొస్తున్నారు. ఇళ్ళకు వెళ్ళి గిన్నెలు పట్టుకుని, అంతా నేరుగా సుబ్బరాయుడి కొట్టు ముందుకే వచ్చారు. అతనికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"చూశావా! వాడెంత బెదిరించినా ఆగలేదు!" అన్నాడు భార్యతో.

"జొన్నలియ్యి అయ్యా," అంది అందరికన్నా ముందు నిలబడ్డ చిన్నవ్వ.

"జొన్నలు లేవు. బియ్యం తీసుకో, మేలిరకం."

"బియ్యం మేం యాడ కొంటం? పోనీ, గరిటెడు నూనె పొయ్యి."

"గరిటె లేదు. సీసా కొనాలి."

చిన్నవ్వ పక్కకు జరగలేదు. ఆమె వెనకాల పోచన్న అడిగాడు, అంజవ్వ అడిగింది. అందరికీ కావలసింది జొన్నలు, గరిటెడు నూనె. లేవని చెప్పినా ఒక్కరూ కదలరు. ఖాళీ గిన్నెలతో అతని మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. కావాలనే తన పరువు తీయడానికి లింగం పంపించాడని సుబ్బరాయుడికి అర్థమైపోయింది.

"నాతో ఆటలేంటి?" అని అరిచాడు. "జొన్నలు కావాలంటే మీ లింగం దగ్గరికే పొండి!"

చిన్నవ్వ తెల్లబోయి చూసింది.

"లింగన్న మమ్ముల నీకప్పజెప్పి, దుకాణం ఎత్తేసి బిడ్డ దగ్గరికి పోయిండు గదయ్యా."