పేరు లేని చీటీ

చీటీ చదివి ఆరోగ్యమ్మ మూతి తిప్పింది.

"నేనొక మనిషిని రోజూ అసహ్యించుకుంటున్నాను. ఆ గొంతు వినపడితే చాలు, ఒళ్లు మండిపోతోంది. పైకి మాత్రం నవ్వుతున్నాను. నా మనసు పూర్తిగా పాడైపోకముందే నాకోసం ప్రార్థించండి."

కింద పేరు లేదు. ఉండదు కూడా. ఇది జగ్గయ్యపేట సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు బెన్ని పెట్టిన పద్ధతి. నీతిని గుండెకు కవచంలా తొడుక్కోవాలని ప్రసంగం చెప్పి, ఎవరి కవచానికి ఎక్కడ చిల్లు పడిందో తన ఫోనుకు పంపమన్నాడు. పేర్లు తీసేసి, అచ్చు తీయించి, బుట్టలో వేసి తలా ఒకటి తీసుకోమన్నాడు. ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజులూ ఎవరి చేతికొచ్చిన చీటీ కోసం వాళ్లు ప్రార్థన చెయ్యాలి. రాసిందెవరో వెతక్కూడదు.

వెతక్కూడదట. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి, పలక ఎవరు దొంగిలించారో మొహం చూసి పట్టేసిన మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? మీసాలు సరిగ్గా రాని కుర్రాణ్ణి అయ్యగారూ అని పిలవాల్సి రావడమే ఖర్మ అనుకుంటే, పైన ఈ రూలొకటి.

ఇంటికొచ్చి చీటీని మొగుడికి చదివి వినిపించింది. ఇశ్రాయేలు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో అరిచిన అరుపులు చాలనుకున్నాడో ఏమో, ఇంట్లో నోరు విప్పడం తక్కువ.

"ఎంత కుళ్లో చూడండి. ఇలాంటి మనసు పెట్టుకుని చర్చికి ఏ మొహంతో వస్తారండీ?"

"ఎవరైతే ఏంలే. ప్రార్థన చెయ్యి," అన్నాడు ఇశ్రాయేలు.

"ఎవరో తెలీకుండా ఏమని చేస్తా? గాల్లోకి రాళ్లు విసరమంటారా?"

ఆ వచ్చే ఆదివారం నుంచి ఆరోగ్యమ్మ ప్రసంగం వినడం మానేసి మొహాలు చదవడం మొదలుపెట్టింది. స్తెఫను భార్యకు ఎవరినైనా అసహ్యించుకునేంత తెలివి లేదు. కృపారావు పైకి కూడా నవ్వడు. ఒక్కొక్కర్నీ కొట్టేసుకుంటూ పోతే చివరికి జెరూషా మిగిలింది.

జెరూషా సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పుతుంది. నందిగామలో ఒక ప్రైవేటు బళ్లో ఉద్యోగం. మైలవరం కుర్రాడు క్రాంతికుమార్‌తో సంబంధం ఖాయమైంది. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది. ఊరికే నవ్వేవాళ్లను ఆరోగ్యమ్మ ఏనాడూ నమ్మలేదు.

కళ్లజోడు మార్పించుకునే పని పెట్టుకుని, పొద్దున్నే నందిగామ బస్సెక్కి ఆ పిల్ల పక్కనే కూర్చుంది. బస్సు ఊరు దాటకముందే జెరూషా ఫోను మోగింది.

"చెప్పండత్తయ్యా. తిన్నానత్తయ్యా. అలాగే అత్తయ్యా."

అంతా నవ్వుతూనే. ఫోను పెట్టేసి కళ్లు మూసుకుని సీటుకు జారబడింది.

"మైలవరం నుంచా?" అంది ఆరోగ్యమ్మ.

"అవునండి. రోజూ చేస్తారు."

"రోజూనా?"

"రోజూనండి," అని మళ్లీ నవ్వింది జెరూషా.

ఇంకేం కావాలి, దొంగ దొరికింది. ఆరోగ్యమ్మ కళ్లజోడు సంగతి మరిచిపోయి తిరుగు బస్సెక్కింది.

"కాబోయే అత్త మీద ఇప్పుడే అంత విషం ఉంటే, రేపు కాపురానికెళ్లి ఆ కొంపను ఏం చేస్తుందండీ?" అంది ఇంటికొచ్చీ రాగానే.

"ఆ పిల్ల కాదేమోలే."

"మీకేం తెలుసు మనుషుల సంగతి? టిక్కెట్లు చింపడం తప్ప ఏం చేశారు జీవితంలో?"

ఇశ్రాయేలు నవ్వాడు. "ఇంతకీ ప్రార్థన చేశావా?" అన్నాడు. రోజూ కాఫీ గ్లాసు చేతికిస్తూ అదే అడుగుతాడు. రోజూ ఆవిడ అదే జవాబు చెబుతుంది, ముందు దొంగను బయటపెట్టనివ్వమని.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం నాడు మైలవరం వాళ్లు చర్చికి వస్తున్నారని తెలిసింది. ఆరాధన అయ్యాక పెళ్లి తేదీ అనుకుంటారట. జెరూషా తండ్రి బాలస్వామి కూలికెళ్లి కూతుర్ని చదివించుకున్నవాడు. ఈ సంబంధం తప్పిపోతే అతను తట్టుకోలేడని సంఘంలో అందరికీ తెలుసు. ఆరోగ్యమ్మకూ తెలుసు. అయితే ఏం, నీతి దగ్గర జాలేమిటి? చీటీ తీసుకెళ్లి కాబోయే అత్త చేతిలో పెట్టి, మీ కోడలి మనసు ఇదీ అని చెప్పేస్తే తన బాధ్యత తీరుతుంది.

ఆ ఉదయం ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, చీటీని బైబిల్లో పెట్టుకుని బయల్దేరింది. వీధిలో పిల్లలు ఈతమట్టలు పట్టుకుని హోసన్నా అంటూ పోతున్నారు. ఇశ్రాయేలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ చీటీ ఇక్కడ పెట్టేసి వెళ్లు."

"తప్పుకోండి, టైమవుతోంది."

"ఆ పిల్ల బతుకు పాడైపోద్ది."

"పోనివ్వండి. కడుపులో విషం పెట్టుకుని పైకి ఇకిలించే మనిషితో ఒకే కప్పు కింద ఎవరు బతకగలరండీ?"

"అది జెరూషా రాయలేదు."

"మీకొచ్చి చెప్పిందా?"

"లేదు."

"మరి మీకెలా తెలుసు?"

ఇశ్రాయేలు గుమ్మం వదల్లేదు.

"ఆ చీటీ రాసింది నేను, ఆరోగ్యం. నీ గురించే."