కర్టిస్ కుర్చీ

అమరవీరుల దినాన మా ఒహాయో ఊళ్ళో మాజీ సైనికుల హాలు కిక్కిరిసిపోతుంది. దేశభక్తి అంటారు గానీ, ఉచితంగా పెట్టే పాన్‌కేకుల మహిమనూ తీసిపారేయలేం. వాటి గురించి నేనో పూట మాట్లాడగలను, పోనివ్వండి.

గోడవారన చిన్న బల్ల మీద బోర్లించిన గ్లాసు, దాని ముందు ఖాళీ కుర్చీ ఉంటాయి. ఇక తిరిగిరాని సైనికుడి గుర్తుగా అలా ఉంచుతారు; ఇవి ఇరాక్‌లో చనిపోయిన రిజర్వు సైనికుడు కర్టిస్‌వి. పక్క జిల్లా నుంచి నెలకోసారి కవాతుకు వచ్చిపోయేవాడు. బతికుండగా అతన్ని కాఫీకి పిలిచినవాడు లేడు.

"కర్టిస్ మన ఊరి బిడ్డ!" అని మా సంఘం అధ్యక్షుడు హార్లన్ గొంతు చించుకుంటుండగా ఒక ముసలామె చేతికర్రతో వచ్చింది. మేమంతా భక్తిగా కూర్చునే ఉన్నాం. ఆమె చాలాసేపు నిలబడి, చూసి చూసి, వెళ్ళి ఆ కుర్చీలో కూలబడింది.

"లేవండి పెద్దమ్మా! అది కర్టిస్ కుర్చీ. ఎవరూ కూర్చోకూడదు!" హార్లన్ మైకులోనే అరిచాడు.

"తెలుసు నాయనా," అంటూ ఆమె గ్లాసు తిప్పి నిలబెట్టింది. "వాడే ఉంటే నన్నింతసేపు నిలబెట్టేవాడు కాదు. నా కొడుకు."

అప్పుడు లేచాం, హాలు హాలంతా. ఎటు చూసినా ఖాళీ కుర్చీలే.

ఆమె మాత్రం లేవలేదు.