రాజుగారికి పంచె

మనవరాలి పెళ్లికి ముందు మహాలక్ష్మమ్మ కాలం చేసిన ఇంటి పెద్దలను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పీట మీద కొత్త బట్టలు పెడుతోంది. మనవడు సందీప్ వచ్చి, తాతల ఫొటోల పక్కన కిరీటమున్న బొమ్మ ఒకటి పెట్టాడు.

"ఎవర్రా ఈయన?"

"ఇంగ్లండు రాజు నానమ్మా, ఏడొందల ఏళ్ల కిందటోడు. నా ఉమ్మి డీఎన్ఏ పరీక్షకి పంపితే తేలింది. నడికుడి రైలుకట్ట వేయించిన దొరది ఈయన వంశమంట. మన పిల్లికళ్ల ముత్తాత ఆ దొర కొడుకేనంట."

కొడుకు కోటేశ్వర్ మీసం దువ్వుకున్నాడు. "శుభలేఖలో రాజవంశమని వేయిద్దామే అమ్మా. వియ్యాలోళ్ల నోళ్లు మూతబడతయ్. ఈయనక్కూడా ఓ పంచె పెట్టు."

"పెడతాలే. దొరకి బిడ్డని కన్నామె పేరేందంట?"

సందీప్ ఫోను చూశాడు. "తెలవదని ఉంది."

"రాజు దాకా అందరికీ పేర్లున్నయ్, ఆమెకే లేదా?"

కోటేశ్వర్ గొంతు తగ్గించాడు. "శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఆమె ఊసెందుకే?"

మహాలక్ష్మమ్మ నవ్వింది. "దొర బిడ్డని కన్నదని ఎల్లమ్మ పేరు కూడా ఎత్తనీయలేదు ఈ ఇంట్లో. ఏనాడూ ఓ కోక పెట్టనీయలేదు. ఆ దొర తాతలకి మాత్రం పంచెలు పెట్టాలా? కట్టమీద కంకర మోసిన ఆ మనిషే లేకపోతే ఈయన మనకేమవుతాడ్రా?"



పెళ్లికని తనకు కొన్న కోక తెచ్చి పీట నడుమ పెట్టింది మహాలక్ష్మమ్మ. "ఎల్లమ్మా, రా తల్లీ" అని పిలిచింది.

సందీప్ బొమ్మ తీయబోయాడు.

"ఉండనీరా" అందామె. "ఆమె తరఫు చుట్టమేగా."