ఒంటికాలి కొంగ

మంచు ముసిరిన మడుగులో పడుచు కొంగ ఒకటి పొద్దస్తమానం రెండు కాళ్లమీదా కొయ్యలా నిలబడి చేపల కోసం కాచేది. మాపటికి కాళ్లు బరువెక్కి, నరాలు నీలంగా ఉబ్బి, కలలో కూడా సలిపేవి.

"కదిలితే చేప బెదురుతుంది బాతత్తా, ఏం చెయ్యను?" అని ఓనాడు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నిలవున్న నీళ్లకే పాచి పడుతుంది, నిలవున్న నెత్తురు ఊరుకుంటుందటే? ఒక కాలు పైకి ముడుచుకో. కాసేపాగి కాలు మార్చు," అంది ముసలి బాతు ఈదుతూనే.

కొంగ అలాగే చేసింది. ఎత్తిన కాల్లోంచి బరువంతా మంచు కరిగినట్టు జారిపోయింది. హాయిగా కళ్లు మూతలు పడ్డాయి.

అది చూసి తపస్సనుకుని ఓ చేప దగ్గరకొచ్చింది.

"ఏ వరం కోసం తల్లీ?"

"కాళ్లనొప్పి తగ్గాలని," నిజమే చెప్పింది కొంగ.

"తగ్గిందా?" చేప ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"తగ్గింది నాయనా. ఇక మిగిలింది ఆకలే."