తీరికరాయుడు

దర్జీ దుకాణం అద్దం రాయి తగిలి భళ్ళున పగిలింది.

"అవతలి వాడవాళ్ళ పనే!" బజారంతా లేచింది. వంతెనకు అటూ ఇటూ ఉన్న ఆ రెండు వాడలకూ తాతల నాటి పగ.

గొడవలు మొదలవకముందే ఆపమని అంతర్జాతీయ శాంతి దళం పంపిన మనిషి ఒకాయన ఉన్నాడు. చేతిలో తుపాకీ కూడా లేదు. వంతెన దాటి వెళ్ళి, గంటకి తిరిగొచ్చాడు.

"లారీ టైరు కింద నుంచి ఎగిరిన రాయి. డ్రైవరే ఒప్పుకున్నాడు."

బజారు చల్లబడింది.

అతనికి రోజూ అదే పని. పొద్దున ఇక్కడ టీ, మధ్యాహ్నం అక్కడ టీ. ఇక్కడ విన్న మాట అక్కడికి వెళ్ళి ఆరా తీయడం. జనం పెట్టిన పేరు తీరికరాయుడు.

రెండేళ్ళయ్యాక దళం ఆఫీసరు ఒక కాగితంతో వచ్చాడు.

"అతనొచ్చాక ఎన్ని గొడవలు జరిగాయి?"

"ఒక్కటీ లేదండీ," అన్నాడు బజారు సంఘం పెద్ద అయిన దర్జీ.

"మరి అతని అవసరం ఉందా?"

"టీ తాగడానికి మేం చాలమా సార్?"

అందరూ పగలబడి నవ్వారు. అతని అవసరం లేదని దర్జీ ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. జబ్బు రాలేదు కదా అని మందు పారబోసే తెలివి!

తీరికరాయుణ్ణి తీసేసిన పదకొండో రోజు కుళాయి నీళ్ళు ఘాటుగా వాసన కొట్టాయి. ట్యాంకు ఉన్నది అవతలి వాడలో.

"విషం కలిపారు!"

దర్జీ అక్కను ఇచ్చింది ఆ వాడలోనే.

"ఉండండ్రా, అక్కకి ఫోన్ చేసి కనుక్కుంటాను."

"ఆవిడిప్పుడు వాళ్ళ మనిషి. వాళ్ళ మాటే చెబుతుంది."

దర్జీ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"పోనీ, ఎవరైనా వెళ్ళి చూసి రండి."

వెళ్ళడానికి ఒక్కరూ కదల్లేదు. రాళ్ళు ఏరడానికి మాత్రం బజారంతా కదిలింది.

మర్నాడు పొద్దున మంచులో, వంతెన మీద ఒక ఆకారం కనిపించింది. చేతిలో సీసా.

"పెట్రోలు! తగలబెట్టడానికి వస్తున్నాడు!"

ఆకారం సీసా పైకెత్తింది.

మొదటి రాయి దర్జీదే. అక్క కోసం వెనకాడుతున్నాడని అంటారేమోనని భయపడి విసిరాడు. ఆ వెనక రాళ్ళ వాన.

ఆకారం కూలిపోయింది. మళ్ళీ లేవలేదు.

దర్జీ జేబులో ఫోన్ మోగింది. అక్క గొంతు.

"తమ్ముడూ, ట్యాంకులో పడింది క్రిములు చంపే మందేరా, కాస్త ఎక్కువైంది అంతే... నా మాట మీవాళ్ళు నమ్మరని, ఉద్యోగం పోయినా ఊరు వదలకుండా మా ఇంట్లోనే అద్దెకుంటున్న మీ తీరికరాయుడు, ఆ నీళ్ళు మీ కళ్ళ ముందే తాగి చూపిస్తానని సీసాతో బయల్దేరాడు, కాస్త ఎదురెళ్ళి తీసుకురారా!"