సోఫా కింది గొంతు

"బ్యాటరీ అయిపోయింది. వెళ్లిపోతున్నాను."

ఆ మాట అనేసి, ఇల్లు ఊడ్చే రోబో గోడవైపు పాక్కుంటూ వెళ్లిపోయింది.

సోఫాలో కూర్చున్న బాలాత్రిపురసుందరి గారు చప్పున లేచారు.

"శుక్రవారం పూట అలాంటి మాటలనే మిషను మాకెందుకండీ, శ్రీరంగనాయకులు గారూ" అని కొంగు సర్దుకుని షాపు మెట్లు దిగారు.

శ్రీరంగనాయకులుకి తల కొట్టేసినట్టయింది. ఈ 2008లో ఏలూరుకి రోబోలు తెచ్చిన మొదటి షాపు తనది. ఆ సంగతి అద్దాల తలుపు మీద అడుగెత్తు అక్షరాలతో రాయించుకున్నాడు కూడా. రేపు కంపెనీ మనిషి వస్తున్నాడు. అప్పటికి ఒక్కటైనా అమ్ముడుపోకపోతే తెప్పించిన పదింటినీ వెనక్కి తీసుకుపోతాడు. ఆ తరవాత ఆ అక్షరాలు చూసి ఊరంతా నవ్వుతుంది.

"నీ గొంతు బాగోలేదురా" అన్నాడు కొడుకుతో.

రోబోకి తెలుగు నేర్పింది సుమంతే. కంప్యూటర్‌కి తగిలించి, లోపలున్న పరాయి భాష తీసేసి, తను చదివిన పది వాక్యాలు ఎక్కించాడు.

"గొంతు బాగానే ఉందండీ. మాటే బాగోలేదు."

రిపేర్ల బల్ల దగ్గర మిక్సీ జారు కోసం నిలబడి ఉన్న ముసలావిడ అంది ఆ మాట. వెలిసిన నేత చీర, చేతిలో గుడ్డసంచి, మెడలో చిన్న సిలువ.

"గడప దాటేటప్పుడు వెళ్లిపోతున్నానంటామా అండీ? వెళ్లొస్తానంటాం."

శ్రీరంగనాయకులు ఆవిడ చీర వైపు చూశాడు. "గొంతుల సంగతి నాకు చెప్పకండమ్మా. ట్రంకు కాల్స్ నాటి నుంచీ ఫోన్ మీద వ్యాపారం చేసినవాణ్ణి. హలో అంటే చాలు, మనిషెవరో చెప్పేస్తాను."

ఆవిడ కొంచెం నవ్వింది.

"మీ జారుకి ఇంకో పావుగంట పడుతుంది. అలా పక్కన నిలబడండి" అని ఆయన భోజనానికి వెళ్లిపోయాడు.

సుమంత్‌కి మాత్రం ఆవిడ మాట నచ్చింది.

"మామ్మగారూ, ఆ వాక్యాలేవో మీరే చెబుతారా?"

"చెబుతాను గానీ బాబూ, ముందు దాని మోత తగ్గించు. ఎంతలో ఉంది?"

"అయిదులో అండి."

"రెండు చాలు. ఆ పీప్ పీప్‌లు తీసేసి ఒక్క గంట పెట్టు. గంట మోగాక కాస్త ఆగి అప్పుడు మాట్లాడాలి. వినేవాళ్లు చెవి ఇటు పెట్టాలి కదా."

సుమంత్ అలాగే మార్చాడు. ఆవిడ మైకు ముందు నిలబడి వరసగా చెప్పుకుపోయింది. ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

"ఎక్కడైనా ఇరుక్కుంటే ఏమంటుంది?"

"ఎర్రర్ నాలుగు అంటుందండి."

"వినేవాళ్లకి భయమేస్తుంది బాబూ. దానికి నా దగ్గరో మాట ఉంది."

శ్రీరంగనాయకులు తిరిగొచ్చేసరికి ఆవిడ జారు సంచిలో పెట్టుకుంటోంది.

"వెళ్లొస్తానండీ."

ఆయన తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు. బతిమాలి రప్పిస్తే బాలాత్రిపురసుందరి గారూ వచ్చారు. రోబో హాలంతా ఊడ్చింది. గంట మోగింది.

"కాస్త అలసట తీర్చుకుని వచ్చేస్తానండీ."

బాలాత్రిపురసుందరి గారి ముఖం విప్పారింది. "ఎంత మర్యాదగా ఉందండీ. మాకొకటి, మా ఆడపడుచుకొకటి ఇవ్వండి."

శ్రీరంగనాయకులు కాలర్ సర్దుకున్నాడు.

"బాగుందండి" అన్నాడు కంపెనీ మనిషి. "మిగతా ఊళ్లకి పంపేటప్పుడు ఎవరైనా టీవీ యాంకర్‌తో చెప్పిద్దాం."

సరేననబోయాడు శ్రీరంగనాయకులు. సుమంత్ మళ్లీ మీట నొక్కాడు. ఈసారి రోబో తిన్నగా సోఫా కిందికి దూరి ఇరుక్కుంది. గంట మోగింది.

"కంగారు పడకండి. ఇటు దారి లేదు. ఇంకో దారి చూస్తున్నాను."

శ్రీరంగనాయకులు చేతిలో పెన్ను జారిపోయింది. ఇస్త్రీ ప్యాంటు నలిగిపోతుందని కూడా చూడకుండా సోఫా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నిన్న ఆవిడ చీర చూస్తూ గొంతు వినలేదు. ఇవాళ చూడ్డానికి చీరా లేదు, ముఖమూ లేదు.

"ఆవిడేదిరా?"

"వెళ్లిపోయారు నాన్నగారూ. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేశారట. ఆ జారే ఆఖరి సామానట. ఏ ఊరు వెళ్తున్నారో నేనడగలేదు."

రిపేరు చీటీ తీసి చూశాడు. విక్టోరియా అని పేరొక్కటే ఉంది.

ఆయన లేచి కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "యాంకర్ వద్దండి. ఇది మా ఏలూరు గొంతు. దీంతోనే అమ్ముతాను. కాదంటే పదీ పట్టుకుపోండి."

అలా అంటున్నప్పుడు ఆయన ఛాతీ ఉప్పొంగింది, కళ్లు మాత్రం తడిశాయి.

"ఎవరు నాన్నగారూ ఆవిడ?"

శ్రీరంగనాయకులు ఇరవై రెండేళ్ల కొడుకుని ఎగాదిగా చూసుకున్నాడు.

"ఎనభై ఆరు వరదల్లో మీ అమ్మ పురిటికి తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో ఉంది. రక్తం కావాలని కబురొచ్చేసరికి రోడ్లు మునిగాయి, ఆసుపత్రి ఫోన్ పోయింది. ఇక్కడ ట్రంకు ఆపరేటరమ్మ మూడు గంటలపాటు నాతో ఇదే మాట అంటూ కూర్చుంది. చివరికి భీమవరం మీదుగా గూడెం ఎక్స్ఛేంజిని పట్టుకుని, అక్కడ పనిచేసేవాళ్లనిద్దరిని ఆసుపత్రికి పంపించి మీ అమ్మకి రక్తం ఇప్పించింది. పేరడిగితే, చెప్పకూడదండీ అని లైన్ తీసేసింది."

సుమంత్ సోఫా కిందికి చూశాడు. గంట మళ్లీ మోగింది.

"ఆ తల్లినిరా, నిన్న కుర్చీ అయినా వెయ్యకుండా నా షాపులో నిలబెట్టాను."